భాగం-9: ప్లాస్మిడ్‌ల ప్రతికృతి, ప్రతుల సంఖ్య నియంత్రణ

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• ప్రతుల సంఖ్య అంటే ఏమిటో, దానికి కింది హద్దు, పై హద్దు ఎందుకు ఉంటాయో వివరించగలుగుతారు.
• ప్రతుల సంఖ్యలో వచ్చిన తేడా తరతరానికీ ఎలా తగ్గుతుందో చిన్న లెక్కతో చూపగలుగుతారు.
• కోల్‌ఈ1, ఆర్1, పీ1 ప్లాస్మిడ్‌లలోని నియంత్రణ పద్ధతులను పోల్చగలుగుతారు.
• ఒకే నియంత్రణ గల రెండు ప్లాస్మిడ్‌లు ఒకే కణంలో ఎందుకు నిలవలేవో చెప్పగలుగుతారు.

9.1 పరిచయం

బాక్టీరియా క్రోమోసోమ్ ప్రతికృతిని గురించి మీరు గత భాగంలో తెలుసుకున్నారు. అదే కణంలో క్రోమోసోమ్‌కు వెలుపల, స్వతంత్రంగా ప్రతికృతి చెందే డీఎన్ఏ అణువులు కూడా ఉండవచ్చు. క్రోమోసోమ్‌కు వెలుపలి జన్యు పదార్థాన్ని సూచించడానికి 1952లో జాషువా లెడర్‌బర్గ్ 'ప్లాస్మిడ్' అనే పదాన్ని ప్రతిపాదించాడు. నేడు మనం ప్లాస్మిడ్‌లు అనేవి ఎక్కువగా వలయాకారంలో ఉండే, రెండు పోగుల డీఎన్ఏ అణువులు. యాంటీబయోటిక్‌లకు లొంగని గుణాన్ని ఒక బాక్టీరియా నుంచి మరొక బాక్టీరియాకు మోసుకుపోయేవి చాలా సందర్భాలలో ఇవే.

ఒక కణంలో ఒక ప్లాస్మిడ్‌కు సగటున ఎన్ని ప్రతులు ఉంటాయో ఆ సంఖ్యను ప్రతుల సంఖ్య అంటారు. దీనిని ఒక్కో క్రోమోసోమ్‌కు ఎన్ని అని కూడా చెప్పవచ్చు. ఈ. కోలైలో కోల్‌ఈ1 ప్లాస్మిడ్‌కు ఈ సంఖ్య సుమారు 15 నుంచి 20. ఆర్1 ప్లాస్మిడ్‌కు ఒకటి లేదా రెండు మాత్రమే. రెండూ అదే కణంలోని అవే ఎంజైమ్‌లను వాడుకుంటాయి. అయినా ఒకటి ఇరవై దగ్గర, మరొకటి ఒకటి రెండు దగ్గర ఆగుతున్నాయి. అంటే ఈ సంఖ్యను నిర్ణయించేది ప్రధానంగా ప్లాస్మిడ్‌లోనే ఉందన్నమాట. 1963లో జాకబ్, బ్రెన్నర్, కుజిన్ ప్రతిపాదించిన రెప్లికాన్ భావన కూడా ఇదే చెబుతుంది: స్వతంత్రంగా ప్రతికృతి చెందే ప్రతి డీఎన్ఏ అణువూ తన ప్రతికృతి ప్రారంభాన్ని నియంత్రించే ఏర్పాటును తనలోనే కలిగి ఉంటుంది.

ఇక్కడ మీకు ఒక సందేహం రావాలి. ప్లాస్మిడ్ కేవలం ఒక డీఎన్ఏ అణువు. అదే కణంలో తనలాంటివి ఇంకా ఎన్ని ఉన్నాయో దానికి ఎలా తెలుస్తుంది? ఈ భాగమంతా ఈ ఒక్క ప్రశ్నకు సమాధానమే.

9.2 రెండు హద్దులు

ముందుగా కింది హద్దును చూద్దాం. కణ విభజన సమయంలో ప్లాస్మిడ్‌లు ఏ పిల్ల కణంలోకి వెళ్లాలన్నది కేవలం యాదృచ్ఛికమని అనుకుందాం. విభజనకు ముందు కణంలో 2 ప్రతులు ఉంటే, రెండూ ఒకే వైపు వెళ్లే అవకాశం సగం. అంటే రెండు విభజనలలో ఒకసారి ప్లాస్మిడ్ లేని కణం పుడుతుంది. అదే 20 ప్రతులు ఉంటే, అన్నీ ఒకే వైపు వెళ్లే అవకాశం 2ను 19 సార్లు హెచ్చించగా వచ్చే సంఖ్యలో ఒక వంతు, అంటే 5,24,288 విభజనలలో ఒకసారి. కాబట్టి ప్రతులు ఎక్కువగా ఉన్న ప్లాస్మిడ్ అదృష్టం మీద ఆధారపడినా బతికిపోతుంది. ప్రతులు తక్కువగా ఉన్నది అలా బతకలేదు. అందుకే ఆర్1, పీ1, ఎఫ్ వంటి ప్లాస్మిడ్‌లకు ప్రతులను రెండు వైపులకూ పంచే ప్రత్యేక వ్యవస్థలు ఉంటాయి. ఉదాహరణకు ఆర్1లో పార్‌ఎమ్ అనే ప్రోటీన్ పోగులుగా పెరుగుతూ రెండు ప్రతులను కణం చెరో కొనకు నెడుతుంది.

ఇక పై హద్దు. ప్రతి ప్రతికీ కణం న్యూక్లియోటైడ్‌లను, శక్తిని ఖర్చు చేయాలి. కోల్‌ఈ1 పొడవు 6,646 క్షార జతలు. ఇరవై ప్రతులకు సుమారు 1.33 లక్షల జతలు అవుతాయి. ఈ. కోలై క్రోమోసోమ్ పొడవు సుమారు 46 లక్షల జతలు కాబట్టి ఈ అదనపు భారం దాదాపు 3 శాతం. ఇదే ప్లాస్మిడ్ అదుపు లేకుండా వెయ్యి ప్రతులైతే కణం తన సొంత క్రోమోసోమ్ కంటే ఎక్కువ డీఎన్ఏను అతిథి కోసం తయారుచేయాలి. అలాంటి కణం నెమ్మదిగా పెరుగుతుంది. పక్కన ఉన్న, ప్లాస్మిడ్ లేని కణాలు దానిని దాటిపోతాయి. ఇల్లు కూలితే అతిథికీ నీడ ఉండదు. కాబట్టి నియంత్రణ ప్లాస్మిడ్ మనుగడకే అవసరం.

9.3 లెక్క ఎలా సరి అవుతుంది?

సగటున 20 ప్రతులు ఉన్న ప్లాస్మిడ్‌ను తీసుకుందాం. విభజనకు ముందు అవి 40 అవుతాయి. కానీ పంపకం ఎప్పుడూ 20-20గా జరగదు. ఒక కణానికి 14, మరొక దానికి 26 వచ్చాయనుకోండి. నియంత్రణ అంటే కేవలం 'ఉన్నవాటిని రెట్టింపు చేయడం' అయితే, ఈ తేడా ఎప్పటికీ పోదు. 14 ఉన్న కణం నుంచి 14, 26 ఉన్న కణం నుంచి 26 వస్తూనే ఉంటాయి. ప్రతి విభజనలోనూ కొత్త తేడాలు తోడై, కొన్ని కణాలలో ప్లాస్మిడ్ అంతరించే దాకా పోతుంది.

అలా జరగకూడదంటే తక్కువ ఉన్న చోట ఒక్కో ప్రతి ఎక్కువసార్లు, ఎక్కువ ఉన్న చోట తక్కువసార్లు ప్రతికృతి చెందాలి. దీనిని సాధించే అతి సులభమైన పద్ధతి ఇది: ప్రతి ప్లాస్మిడ్ ప్రతికృతిని ఆపే ఒక నిరోధకాన్ని నిరంతరం తయారుచేస్తుంది. ప్రతులు ఎన్ని ఉంటే నిరోధకం అంత ఉంటుంది. నిరోధకం పెరిగితే ఒక్కో ప్రతి ప్రతికృతి ప్రారంభించే అవకాశం తగ్గుతుంది. కణం పెరిగి పరిమాణం ఎక్కువైతే నిరోధకం పలచబడి ఆ అవకాశం మళ్లీ పెరుగుతుంది. 1969లో ప్రిచర్డ్, బార్త్, కాలిన్స్ ప్రతిపాదించిన నిరోధక విలీన నమూనాకు ఆధారం ఇదే. ప్లాస్మిడ్ తన తోటివారిని లెక్కపెట్టదు. వారందరూ కలిసి తయారుచేసిన నిరోధకం గాఢతను మాత్రమే 'చూస్తుంది'.

దీని ఫలితాన్ని లెక్కవేసి చూడండి. నిరోధకం వల్ల, మొదట ఎన్ని ప్రతులు ఉన్నా, ఒక తరంలో మొత్తం 20 కొత్త ప్రతులే తయారవుతాయని అనుకుందాం.
• 14తో మొదలైన కణం: 14 + 20 = 34. పిల్ల కణానికి సగటున 17. తరువాతి తరంలో 18.5. ఆ పైన 19.25.
• 26తో మొదలైన కణం: 26 + 20 = 46. పిల్ల కణానికి సగటున 23. తరువాతి తరంలో 21.5. ఆ పైన 20.75.

ప్రతి తరంలోనూ తేడా సగమవుతోందని గమనించండి. 14 ప్రతులు ఉన్న కణంలో ఒక్కో ప్రతి సగటున 1.4 సార్లు, 26 ఉన్న కణంలో 0.8 కంటే తక్కువసార్లు ప్రతికృతి చెందాయి. ఎవరూ లెక్కపెట్టలేదు. అయినా లెక్క సరిపోయింది.

ఈ పద్ధతి పనిచేయాలంటే ఒక షరతు ఉంది. నిరోధకం త్వరగా నశించాలి. బడిలో మధ్యాహ్న భోజనం వండేవారిని గుర్తుచేసుకోండి. ఈ రోజు ఎంతమంది పిల్లలు వచ్చారో చూసి బియ్యం కొలిస్తేనే సరిపోతుంది. పోయిన నెల హాజరు పట్టీ చూసి వండితే అన్నం మిగలడమో చాలకపోవడమో జరుగుతుంది. నిరోధకం ఎక్కువసేపు నిలిచి ఉంటే అది ఒకప్పటి ప్రతుల సంఖ్యను చెబుతుంది, ఇప్పటి సంఖ్యను కాదు. అందుకే చాలా ప్లాస్మిడ్‌లు ఈ పనికి ప్రోటీన్‌కు బదులు, కొద్ది నిమిషాలలోనే నశించే చిన్న ఆర్ఎన్ఏ అణువులను వాడుకుంటాయి.

మీ ప్రగతిని పరిశీలించుకోండి - 1
ఎ) విభజనకు ముందు 4 ప్రతులు ఉంటే, యాదృచ్ఛిక పంపకంలో ప్లాస్మిడ్ లేని కణం పుట్టే అవకాశం ఎంత?
బి) పైన చెప్పిన లెక్క ప్రకారం 8 ప్రతులతో మొదలైన కణం పిల్ల కణాలలో సగటున ఎన్ని ప్రతులు ఉంటాయి?

9.4 కోల్‌ఈ1: ఎదురు ఆర్ఎన్ఏ నియంత్రణ

డీఎన్ఏ పాలిమరేజ్ ఏదీ కొత్త పోగును తనంతట తాను మొదలుపెట్టలేదని, దానికి ప్రైమర్ అవసరమని మీకు తెలుసు. కోల్‌ఈ1లో ఈ ప్రైమర్‌ను అదుపు చేయడం ద్వారానే ప్రతికృతి అదుపులో ఉంటుంది. ఈ విధానాన్ని ప్రధానంగా తోమిజావా, ఇటో 1980 ప్రాంతంలో చేసిన ప్రయోగాలు వెలికితీశాయి. దీనిని అంచెలంచెలుగా చూద్దాం.

మొదటి అంచె: ప్రతికృతి ప్రారంభ స్థానానికి 555 క్షార జతల ముందు నుంచి కణంలోని ఆర్ఎన్ఏ పాలిమరేజ్ ఒక ఆర్ఎన్ఏను తయారుచేయడం మొదలుపెడుతుంది. దీని పేరు ఆర్ఎన్ఏ-2. ఇది ప్రారంభ స్థానం దగ్గరకు చేరినప్పుడు మూస డీఎన్ఏ పోగును విడిచిపెట్టకుండా దానితో జత కట్టి ఉండిపోతుంది.

రెండో అంచె: ఇలా డీఎన్ఏతో జత కట్టిన ఆర్ఎన్ఏను మాత్రమే కోసే ఆర్ఎన్ఏజ్-హెచ్ అనే ఎంజైమ్ దానిని ప్రారంభ స్థానం వద్ద కోస్తుంది. దాని వల్ల ఏర్పడిన కొన ప్రైమర్‌గా పనిచేస్తుంది.

మూడో అంచె: డీఎన్ఏ పాలిమరేజ్-1 ఆ కొనకు న్యూక్లియోటైడ్‌లను చేర్చి ప్రతికృతిని మొదలుపెడుతుంది.

ఈ మూడు అంచెలలోనూ ప్లాస్మిడ్ తన సొంత ప్రోటీన్ ఏదీ వాడలేదని గమనించండి. అన్నీ ఆతిథేయి కణం ఎంజైమ్‌లే.

ఇక అదుపు. ఆర్ఎన్ఏ-2 మొదటి భాగానికి ఉన్న డీఎన్ఏనే, ఎదురు పోగు మీద, ఎదురు దిశలో చదవడం వల్ల 108 న్యూక్లియోటైడ్‌ల చిన్న అణువు తయారవుతుంది. ఇది ఆర్ఎన్ఏ-1. ఒకే డీఎన్ఏ భాగానికి చెందిన రెండు పోగుల నుంచి పుట్టాయి కాబట్టి ఆర్ఎన్ఏ-1, ఆర్ఎన్ఏ-2 మొదటి భాగం పరస్పరం సంపూరకాలు. రెండూ మడతలు పడి ఉచ్చులుగా ఉంటాయి. మొదట ఉచ్చుల కొసలు ఒకదానినొకటి తాకుతాయి. తరువాత పూర్తిగా జత కడతాయి. ప్లాస్మిడ్ తయారుచేసే రోమ్ అనే 63 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీన్ ఆ తొలి స్పర్శ విడిపోకుండా పట్టి ఉంచుతుంది.

చాలామంది విద్యార్థులు ఇక్కడ ఒక పొరపాటు చేస్తారు. ఆర్ఎన్ఏ-1 వచ్చి ఆర్ఎన్ఏ-2 తయారీని ఆపేస్తుందని రాస్తారు. అలా కాదు. ఆర్ఎన్ఏ-2 తయారీ సాగుతూనే ఉంటుంది. అయితే అది ఇంకా పొట్టిగా ఉన్నప్పుడే ఆర్ఎన్ఏ-1 వచ్చి జత కట్టడంతో, తరువాత తయారయ్యే భాగం వేరే విధంగా మడత పడుతుంది. ఆ మడతతో అది ప్రారంభ స్థానం వద్ద డీఎన్ఏతో జత కట్టలేదు. జత లేకపోతే ఆర్ఎన్ఏజ్-హెచ్‌కు పని లేదు. ప్రైమర్ లేదు, ప్రతికృతీ లేదు. ఆర్ఎన్ఏ-2 ముందుగానే పొడవు పెరిగిపోతే ఆర్ఎన్ఏ-1 ఆలస్యంగా వచ్చినా ప్రయోజనం లేదు. ప్రతులు ఎక్కువగా ఉన్న కణంలో ఆర్ఎన్ఏ-1 ఎక్కువ కాబట్టి అది సకాలంలో చేరే అవకాశం ఎక్కువ. ప్రతులు తగ్గితే ఆ అవకాశం తగ్గి, ఆర్ఎన్ఏ-2 తప్పించుకుంటుంది.

ఈ వివరణ సరైనదని చెప్పడానికి రెండు ఆధారాలు చూడండి. మొదటిది: ఈ. కోలైలో పీసీఎన్‌బి అనే జన్యువు పనిచేయకపోతే కోల్‌ఈ1 రకం ప్లాస్మిడ్‌ల ప్రతుల సంఖ్య బాగా పడిపోతుంది. ఆ జన్యువుకు పేరు పెట్టింది కూడా ఈ లక్షణాన్ని బట్టే. అది తయారుచేసే ఎంజైమ్ ఆర్ఎన్ఏల చివర అడినైన్ తోకను చేరుస్తుందని తరువాత తేలింది. ఆ తోక ఉంటేనే ఆర్ఎన్ఏ-1 ముక్కలు త్వరగా నశిస్తాయి. తోక లేకపోతే అవి ఎక్కువసేపు నిలిచి ప్రతికృతిని అణచివేస్తాయి. నిరోధకం త్వరగా నశించాలన్న షరతుకు ఇది చక్కని ఉదాహరణ. రెండోది: రెండు ఆర్ఎన్ఏలకూ ఉమ్మడిగా ఉన్న డీఎన్ఏ భాగంలో ఒక్క క్షారం మారినా ప్రతుల సంఖ్య పెరిగిన ఉత్పరివర్తనాలు దొరికాయి. జత కట్టే బలం మారితే లెక్క కూడా మారుతుందని ఇవి చూపాయి.

9.5 ఆర్1: ప్రోటీన్ తయారీకి అడ్డు

ఆర్1 ప్లాస్మిడ్ ప్రతికృతి మొదలవ్వాలంటే రెప్‌ఏ అనే ప్రారంభక ప్రోటీన్ తప్పనిసరి. కాబట్టి ఈ ప్లాస్మిడ్ రెప్‌ఏ పరిమాణాన్నే అదుపు చేస్తుంది. ఇక్కడ కూడా నిరోధకం ఒక ఎదురు ఆర్ఎన్ఏ. సుమారు 90 న్యూక్లియోటైడ్‌ల ఈ అణువు పేరు కాప్‌ఏ. ఇది రెప్‌ఏ సందేశ ఆర్ఎన్ఏ మొదటి భాగానికి అతుక్కుంటుంది. అప్పుడు రైబోసోమ్ ఆ సందేశాన్ని అనువదించలేదు. రెండు పోగులుగా మారిన ఆ భాగాన్ని ఆర్ఎన్ఏజ్-3 కోసేస్తుంది. రెప్‌ఏ తయారు కాదు.

దీనికి తోడుగా కాప్‌బి అనే ప్రోటీన్ రిప్రెసర్‌గా ఉంటుంది. మామూలు స్థితిలో ఇది రెప్‌ఏ జన్యువుకు ఉన్న రెండు ప్రమోటర్‌లలో ఒకదానిని మూసి ఉంచుతుంది. ప్రతుల సంఖ్య ప్రమాదకరంగా తగ్గినప్పుడు కాప్‌బి కూడా తగ్గి, ఆ ప్రమోటర్ తెరుచుకుంటుంది. రెప్‌ఏ వేగంగా తయారై సంఖ్య తిరిగి కోలుకుంటుంది. రోజువారీ అదుపు కాప్‌ఏది, ఆపద సమయంలో అక్కరకు వచ్చేది కాప్‌బి ఏర్పాటు.

9.6 పీ1, ఎఫ్: పునరావృత వరుసలు, జంట బేడీలు

పీ1, ఎఫ్, ఆర్‌కే2, పీఎస్‌సీ101 వంటి ప్లాస్మిడ్‌లలో ఎదురు ఆర్ఎన్ఏకు బదులు వేరే ఏర్పాటు కనిపిస్తుంది. వీటి ప్రారంభ స్థానం దగ్గర సుమారు 20 క్షార జతల పొడవున్న వరుసలు అనేక సార్లు పునరావృతమవుతాయి. వీటిని ఇటెరాన్‌లు అంటారు. ప్లాస్మిడ్ తయారుచేసిన ప్రారంభక ప్రోటీన్ ఇటెరాన్‌లకు అతుక్కున్నప్పుడు అక్కడ డీఎన్ఏ పోగులు విడివడి ప్రతికృతి మొదలవుతుంది. పీ1లో ప్రారంభ స్థానంలో 5 ఇటెరాన్‌లు ఉండగా, ఇన్క్‌ఏ అనే నియంత్రణ భాగంలో మరో 9 ఉన్నాయి.

అదనపు ఇటెరాన్‌లు ప్రారంభక ప్రోటీన్‌ను తమ వద్ద పట్టి ఉంచి కొరత కలిగిస్తాయని మొదట భావించారు. కానీ ఈ రకం ప్లాస్మిడ్‌లలో ప్రారంభక ప్రోటీన్‌ను అధికంగా తయారుచేయించినా ప్రతుల సంఖ్య ఆ నిష్పత్తిలో పెరగలేదు. కాబట్టి కొరత ఒక్కటే కారణం కాదు. ప్రోటీన్ అతుక్కున్న ఒక ప్లాస్మిడ్ ఇటెరాన్‌లు, అలాగే ఉన్న మరో ప్లాస్మిడ్ ఇటెరాన్‌లతో జతపడతాయి. ఇద్దరిని ఒకే బేడీతో కట్టినట్లు రెండు ప్రారంభ స్థానాలూ మూతపడతాయి. ప్రతులు ఎక్కువైన కొద్దీ ఒకదానికొకటి తారసపడే అవకాశం పెరుగుతుంది. కణం పెరిగిన కొద్దీ ఆ అవకాశం తగ్గుతుంది. ఇక్కడ నిరోధకం వేరే అణువు కాదు, తోటి ప్లాస్మిడే. అయినా సూత్రం మాత్రం 9.3లో చెప్పిందే: సంఖ్య పెరిగితే అడ్డు పెరుగుతుంది.

మీ ప్రగతిని పరిశీలించుకోండి - 2
ఎ) క్లోరాంఫెనికాల్ కణంలో ప్రోటీన్ తయారీని ఆపేస్తుంది. అప్పుడు కోల్‌ఈ1, ఆర్1లలో ఏది ప్రతికృతిని కొనసాగించగలదు? ఎందుకు?

9.7 అననుకూలత

ఒకే నియంత్రణ గల రెండు వేర్వేరు ప్లాస్మిడ్‌లు ఒకే కణంలో చేరాయనుకోండి. రెండింటి నిరోధకమూ ఒకటే కాబట్టి ప్రతికృతి వ్యవస్థకు వాటి మధ్య తేడా తెలియదు. ఒక్కోటి 20 కాదు, రెండూ కలిసి 20 దగ్గర ఆగుతాయి. ఏ ప్రతి ప్రతికృతి చెందాలన్నది కూడా యాదృచ్ఛికమే. ఒక తరంలో ఒక ప్రతి రెండుసార్లు ఎంపిక కావచ్చు, మరొకటి అసలే కాకపోవచ్చు. మొదట 10-10గా ఉన్నవి 12-8 అయితే మొత్తం 20గానే ఉంది కాబట్టి సరిదిద్దేవారు లేరు. క్రమంగా కొన్ని కణాలలో ఒకటి, మిగిలిన కణాలలో మరొకటి మాత్రమే మిగులుతుంది. దీనినే అననుకూలత అంటారు.

ఈ గుణం ఆధారంగానే యాంటీబయోటిక్ నిరోధకతను మోసే ప్లాస్మిడ్‌లను అననుకూల సమూహాలుగా విభజించారు. లండన్‌లో నవోమీ డాట్టా, హెడ్జెస్ ఈ వర్గీకరణకు 1970ల తొలినాళ్లలో పునాది వేశారు. రోగుల నుంచి సేకరించిన బాక్టీరియాలో ఏ ప్లాస్మిడ్ కుటుంబం వ్యాపిస్తున్నదో గుర్తించడానికి ఈ సమూహాల పేర్లను నేటికీ వాడుతున్నారు. తక్కువ ప్రతులతో, తక్కువ భారంతో, పక్కా పంపకంతో ఉండే ప్లాస్మిడ్ మందు వాడకం ఆగిన తరువాత కూడా బాక్టీరియాలో చాలాకాలం నిలిచి ఉండగలదు. మందు ఆపిన వెంటనే నిరోధకత మాయం కాకపోవడానికి ఉన్న కారణాలలో ఇదొకటి.

9.8 ప్రయోగశాలలో ఉపయోగం

1977లో వెలువడిన పీబీఆర్322 వాహకంలో కోల్‌ఈ1ను పోలిన ప్రారంభ స్థానం, రోమ్ జన్యువు రెండూ ఉన్నాయి. దాని ప్రతులు 15 నుంచి 20. తరువాత వచ్చిన పీయూసీ వాహకాలలో రోమ్ జన్యువు లేదు. పైగా ఆర్ఎన్ఏ-2 జన్యువులో ఒక్క క్షారం మారింది. ఈ రెండు మార్పులతో ప్రతుల సంఖ్య 500 దాటింది. పీయూసీ19 పొడవు 2,686 క్షార జతలు మాత్రమే. అయినా 500 ప్రతులకు 13 లక్షలకు పైగా జతలు, అంటే క్రోమోసోమ్‌లో నాలుగో వంతు కంటే ఎక్కువ. డీఎన్ఏ ఎక్కువగా కావాలంటే ఇది లాభమే. కానీ చొప్పించిన జన్యువు తయారుచేసే ప్రోటీన్ కణానికి హానికరమైతే తక్కువ ప్రతుల వాహకాన్నే ఎంచుకోవాలి. ఒకే కణంలో రెండు వాహకాలు కావాలంటే పీబీఆర్322, పీయూసీ19 పనికిరావు. వాటి నియంత్రణ ఒకే కుటుంబానికి చెందింది. పీ15ఏ ప్రారంభ స్థానం గల పీఏసీవైసీ184ను వాటిలో ఒకదానికి జతగా తీసుకోవచ్చు.

9.9 సారాంశం

ప్లాస్మిడ్ ప్రతులు మరీ తగ్గితే అది కణం నుంచి జారిపోతుంది. మరీ పెరిగితే కణానికి భారమవుతుంది. ఈ రెండింటి మధ్య నిలవడానికి ప్రతి ప్లాస్మిడ్ తన సంఖ్యకు తగినంత అడ్డును తానే కల్పించుకుంటుంది. కోల్‌ఈ1లో అది ప్రైమర్‌ను చెడగొట్టే ఆర్ఎన్ఏ-1. ఆర్1లో అది రెప్‌ఏ తయారీని ఆపే కాప్‌ఏ. పీ1లో అది ఇటెరాన్‌ల మధ్య బేడీ. పద్ధతులు వేరైనా సూత్రం ఒకటే. అననుకూలత కూడా ఆ సూత్రం నుంచి వచ్చిన ఫలితమే.

9.10 ప్రగతి ప్రశ్నలకు సమాధానాలు

1. ఎ) 2 × 1/16 = 1/8. ఎనిమిది విభజనలలో ఒకసారి.
బి) 8 + 20 = 28. సగటున 14.
2. ఎ) కోల్‌ఈ1. దానికి సొంత ప్రారంభక ప్రోటీన్ అవసరం లేదు. ఆతిథేయి ఎంజైమ్‌లు అప్పటికే కణంలో ఉంటాయి. అందుకే క్లోరాంఫెనికాల్ సమక్షంలో దాని ప్రతులు వెయ్యికి పైగా పెరగగలవు. ఆర్1కు కొత్త రెప్‌ఏ కావాలి కాబట్టి ఆగిపోతుంది.

9.11 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. కోల్‌ఈ1 ప్లాస్మిడ్ ప్రతికృతి నియంత్రణను వివరించండి.
2. ఎదురు ఆర్ఎన్ఏ నియంత్రణను, ఇటెరాన్ నియంత్రణను పోల్చండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. నిరోధకం త్వరగా నశించడం ఎందుకు అవసరం?
2. ప్లాస్మిడ్ అననుకూలత అంటే ఏమిటి?
3. రోమ్ ప్రోటీన్ లేకపోతే ప్రతుల సంఖ్య ఎందుకు పెరుగుతుంది?